పాటకు ఏ కోడ్ తీసుకోవాలి? రికార్డింగు కోడ్, రచన కోడ్: పోలిక, ఎంపిక

కడపలో నేను నడిపే చిన్న రికార్డింగు గదిలో పాట పని ముగిసి, మిక్సింగ్ అయిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో పడ్డాక చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "దీనికి కోడ్ తీసుకోవాలంట కదా సార్, ఏది తీసుకోమంటారు?" చెక్కభజన బృందం గురువుగారు అడుగుతారు, తిరునాళ్ళకు కొత్త పాట కట్టుకొచ్చిన కుర్రవాళ్ళు అడుగుతారు, అనంతపురం నుంచి వచ్చే గేయరచయితలు అడుగుతారు. ప్రశ్న ఒకటే అయినా అందరికీ ఒకే జవాబు చెల్లదు. ఒకరు పాట రాశారు, ఒకరు బాణీ కట్టారు, ఒకరు పాడారు, మరొకరు రికార్డింగు ఖర్చంతా పెట్టారు. వీళ్ళలో ఎవరికి ఏ కోడ్ అవసరమో తేల్చుకోకుండా ఫారాలు నింపితే, రావలసిన రాయల్టీ ఎక్కడో ఒకచోట పేరు తెలియని లెక్కలో చిక్కుకుంటుంది.

## ముందుగా తేల్చుకోవలసినవి

పాట అని మనం ఒకే మాటతో పిలిచేదానిలో రెండు వేరువేరు వస్తువులు ఉన్నాయి. మొదటిది రచన, అంటే సాహిత్యం, బాణీ. ఇది కాగితం మీద ఉన్నా, నోటికి వచ్చినా, ఎవరూ ఇంకా పాడకపోయినా ఉంటుంది. రెండోది రికార్డింగు, అంటే ఫలానా రోజు ఫలానా గొంతుతో, ఫలానా వాయిద్యాలతో ముద్రించిన ధ్వని. ఒకే రచనకు పది రికార్డింగులు ఉండవచ్చు. రికార్డింగును గుర్తించే కోడ్ ఐఎస్‌ఆర్‌సీ; రచనను గుర్తించే కోడ్ ఐఎస్‌డబ్ల్యూసీ. అందువల్ల మొదటి కొలమానం, మీ చేతిలో ఉన్నది రచనా, రికార్డింగా, రెండూనా అన్నదే.

రెండోది, ఆ కోడ్‌ను అడిగే అర్హత ఎవరికి ఉంది అన్నది. మూడోది, మీకు రావలసిన డబ్బు ఏ దారిలో వస్తుంది అన్నది. నాలుగోది, రేపు మీరు డిస్ట్రిబ్యూటర్‌ను, అంటే పాటను స్ట్రీమింగ్ యాప్‌లకు పంపే సేవను, మార్చినా కోడ్ పాట వెంటే నిలిచేలా మీరు చూసుకోగలరా అన్నది. ఖర్చు, శ్రమ ఆ తర్వాతి మాట. చాలామంది ఖర్చుతోనే మొదలుపెడతారు, నా అనుభవంలో దారి తప్పేది అక్కడే.

ఇంకొక విషయం కూడా ఇక్కడే చెప్పాలి. కోడ్ అనేది గుర్తు మాత్రమే, హక్కుపత్రం కాదు. మన పొలాలకు సర్వే నంబరు ఉంటుంది. అది ఏ చేను అన్నది చెబుతుంది తప్ప ఆ చేను ఎవరిదన్నది చెప్పదు, అందుకు పాసుపుస్తకం చూడాలి. అలాగే ఐఎస్‌ఆర్‌సీ ఉన్నంత మాత్రాన ఆ రికార్డింగు మీదే అని రుజువు కాదు. హక్కు 1957 కాపీరైట్ చట్టం వల్ల, మీరు రాసుకున్న ఒప్పందాల వల్ల వస్తుంది. కాపీరైట్ కార్యాలయంలో చేసే నమోదు కూడా వేరే పని. అది తప్పనిసరి కాదు గానీ తగాదా వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది.

## ఒకచోట పెట్టి చూస్తే

| అంశం | ఐఎస్‌ఆర్‌సీ | ఐఎస్‌డబ్ల్యూసీ | యూపీసీ |
|---|---|---|---|
| దేన్ని గుర్తిస్తుంది | ఒక రికార్డింగును లేదా ఒక మ్యూజిక్ వీడియోను | రచనను | విడుదలైన ఆల్బమ్‌ను లేదా సింగిల్‌ను |
| రూపం | అక్షరాలు, అంకెలు కలిపి 12 | టీ అక్షరం, 9 అంకెలు, ఒక తనిఖీ అంకె | 12 అంకెలు. ఈఏఎన్ అయితే 13 |
| ప్రమాణం | ఐఎస్‌ఓ 3901, మొదట 1986లో | ఐఎస్‌ఓ 15707, 2001లో | బార్‌కోడ్‌లు చూసే జీఎస్1 సంస్థ పద్ధతి |
| ప్రపంచస్థాయి నిర్వహణ | ఐఎఫ్‌పీఐ, అంటే రికార్డింగు సంస్థల అంతర్జాతీయ సంఘం | సిసాక్, అంటే రచయితల, స్వరకర్తల సొసైటీల అంతర్జాతీయ సమాఖ్య | జీఎస్1 |
| మన దేశంలో | ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ, అంటే ఐఎంఐ | ఐపీఆర్‌ఎస్, అంటే రచయితల, స్వరకర్తల రాయల్టీ వసూలు చేసే సొసైటీ | జీఎస్1 ఇండియా. మామూలుగా డిస్ట్రిబ్యూటరే ఇస్తారు |
| ఎవరు అడగాలి | రికార్డింగు హక్కుదారు | రచయిత, స్వరకర్త లేదా వారి పబ్లిషర్ | విడుదల చేసేవారు |

యూపీసీ గురించి ఎక్కువగా ఆలోచించనక్కరలేదు. అది అంగట్లో సబ్బుపెట్టె మీద ఉండే బార్‌కోడ్ లాంటిదే. ఆల్బమ్ మొత్తానికి ఒకటి ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్ ద్వారా విడుదల చేస్తే వాళ్ళే ఇస్తారు. స్వరలిపితో అచ్చువేసిన సంగీత పుస్తకాలకు ఐఎస్‌ఎంఎన్ అని ఇంకొకటి ఉంది, 979-0 తో మొదలవుతుంది. పుస్తకం వేసేవారికి తప్ప మిగతావారికి దానితో పని లేదు. అసలు ఎంపిక మొదటి రెండింటి దగ్గరే ఉంది.

## రికార్డింగు కోడ్: మూడు దారులు

ఐఎస్‌ఆర్‌సీలోని మొదటి ఐదు స్థానాలు కోడ్ ఇచ్చేవారికి కేటాయించిన ముందుభాగం, తర్వాతి రెండు అంకెలు సంవత్సరం, చివరి ఐదు అంకెలు ఆ ఏడాదిలో ఆ రికార్డింగుకు వేసిన వరుస సంఖ్య. అంటే ఒక ముందుభాగంతో ఏడాదికి లక్ష రికార్డింగుల దాకా కోడ్‌లు వేయవచ్చు. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది: ఆ రెండు అంకెలు పాట పాడిన సంవత్సరం కాదు, కోడ్ ఇచ్చిన సంవత్సరం. 1992లో క్యాసెట్‌గా వచ్చిన భజన పాటకు అప్పట్లో కోడ్ లేక, 2025లో మొదటిసారి ఇస్తే, అందులో 25 అనే ఉంటుంది. పాత సంవత్సరం వేయాలని పట్టుబట్టకూడదు.

మొదటి దారి డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే కోడ్. పాటను స్ట్రీమింగ్ యాప్‌లకు పంపే సేవల్లో చాలావరకు అప్‌లోడ్ చేసేటప్పుడే వాళ్ళ ముందుభాగంతో కోడ్ వేసి ఇస్తాయి, దానికి వేరే రుసుము ఉండదు. ఏడాదికి నాలుగైదు పాటలు విడుదల చేసేవారికి ఇది చాలు అని నేను నిస్సందేహంగా చెబుతాను. కొందరికి వచ్చిన కోడ్ క్యూజెడ్ అనే అక్షరాలతో మొదలవుతుంది. అది అమెరికా ఏజెన్సీ కేటాయించిన ముందుభాగం. "పాట మన ఊరిది, కోడ్ అమెరికాది, హక్కు వాళ్ళకు పోతుందా?" అని ఒక భజన గురువుగారు నిజంగా ఆందోళనపడి అడిగారు. పోదు. ఆ అక్షరాలు కోడ్ ఎవరి ద్వారా వచ్చిందో చెబుతాయి తప్ప పాట ఎవరిదో, ఏ దేశానిదో చెప్పవు. రికార్డింగు చేతులు మారినా, హక్కులు అమ్ముకున్నా కోడ్ మారదు.

ఈ దారిలో ఉన్న చిక్కు నేను స్వయంగా పడ్డదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఒక చెక్కభజన బృందం పాటను మొదట ఒక సేవ ద్వారా విడుదల చేశాం. ఏడాదిన్నర తర్వాత వాళ్ళ వార్షిక రుసుము పెరిగిందని ఇంకొక సేవకు మారాం. కొత్త ఫారంలో "ఇంతకుముందే కోడ్ ఉంటే ఇక్కడ రాయండి" అని ఒక గడి ఉంది. దాన్ని నేను ఖాళీగా వదిలేశాను. వాళ్ళు కొత్త కోడ్ వేశారు. అదే ధ్వని, అదే నిడివి, కానీ యాప్‌ల లెక్కలో అవి రెండు వేరువేరు రికార్డింగులు అయ్యాయి. పాత విడుదలను తీసేయగానే అంతవరకు జనం విన్న లెక్క, జనం తమ జాబితాల్లో పెట్టుకున్న పాట రెండూ పోయాయి. తర్వాత పాత కోడ్‌తో మళ్ళీ పంపాం గానీ, మధ్యలో కొత్త కోడ్ మీద వచ్చిన లెక్క మాత్రం కలవలేదు. ఆ గడిలో పన్నెండు స్థానాలు నింపడానికి అర నిమిషం పట్టేది. డిస్ట్రిబ్యూటర్ ఇచ్చిన కోడ్ ఆ డిస్ట్రిబ్యూటర్‌ను వదిలేశాక కూడా ఆ రికార్డింగుకే చెందుతుంది. దాన్ని మీ దగ్గర రాసి పెట్టుకోవడం మాత్రం మీ పని.

రెండో దారి సొంత ముందుభాగం తెచ్చుకోవడం. మన దేశంలో దీన్ని ఐఎంఐ కేటాయిస్తుంది. ఇది చిన్న ఆడియో సంస్థలకు, నెలకు రెండు మూడు పాటలు తెచ్చే యూట్యూబ్ ఛానళ్ళకు, తమ ఖర్చుతోనే రికార్డింగులు చేయించే భజన మండళ్ళకు, సంస్థలకు బాగుంటుంది. డిస్ట్రిబ్యూటర్ ఎవరైనా కోడ్ మీ లెక్కలోనే ఉంటుంది, పాట విడుదలకు ముందే కోడ్ వేసి ఫైలులోనే చేర్చి ఇవ్వవచ్చు. దీనికి చెల్లించే మూల్యం రుసుము కన్నా క్రమశిక్షణ ఎక్కువ. ఒకసారి వాడిన సంఖ్యను మళ్ళీ వాడకూడదు, ఏ సంఖ్య ఏ పాటకు వేశారో ఎప్పటికీ తెలిసేలా రిజిస్టరు ఉండాలి. రిజిస్టరు రాసే అలవాటు లేనివారికి నేను ఈ దారి సూచించను; ఒకే కోడ్ రెండు పాటలకు పడిందంటే ఒకరి డబ్బు ఇంకొకరికి పోతుంది.

మూడో దారి, స్టూడియోవాళ్ళనో తెలిసిన ఆడియో సంస్థనో అడిగి వాళ్ళ కోడ్ వేయించుకోవడం. మా దగ్గరకు వచ్చేవారు దీన్నే ఎక్కువగా కోరుతారు, "మీ దాంట్లో ఒకటి వేసివ్వండి" అంటారు. మామూలుగా ముందుభాగం పొందిన సంస్థ తన హక్కులో ఉన్న రికార్డింగులకే కోడ్ వేయాలి. ఇతరుల రికార్డింగులకు వేయాలంటే ఐఎస్‌ఆర్‌సీ మేనేజర్‌గా ప్రత్యేకంగా అనుమతి పొంది ఉండాలి. ఎవరైనా మీకు కోడ్ వేసి ఇస్తామంటే, ఆ హోదా ఉందా అని అడగడంలో మొహమాటం వద్దు.

ఇక ఒకే పాటకు ఎన్ని కోడ్‌లు? అసలు పాటకు ఒకటి, గొంతు తీసేసిన కరోకే ట్రాక్‌కు ఒకటి, వినాయక నిమజ్జనానికి చేసే డీజే రీమిక్స్‌కు ఒకటి, వేదిక మీద పాడినప్పటి రికార్డింగుకు ఒకటి, వీడియోకు ఒకటి. అదే ఆడియోను మార్పు లేకుండా తర్వాత వచ్చే సంకలనంలో చేరిస్తే పాత కోడే వాడాలి. వీటన్నిటికీ రచన ఒకటే కాబట్టి రచన కోడ్ మాత్రం ఒక్కటే. కానీ మన అనంతపురం సరిహద్దులో జరిగేటట్టు, పావగడ వైపు వాళ్ళ కోసం అదే బాణీకి కన్నడంలో సాహిత్యం రాయిస్తే, అప్పుడు రికార్డింగు కోడ్‌తోపాటు రచన కోడ్ కూడా కొత్తదే కావాలి.

## రచన కోడ్: నేరుగానా, పబ్లిషర్ ద్వారానా

ఐఎస్‌డబ్ల్యూసీని మీరే తయారుచేసుకోవడం కుదరదు. రచయితగానో స్వరకర్తగానో ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుని, రచనను నమోదు చేసుకుంటే, వివరాలు పూర్తిగా ఉన్నప్పుడు అది కేటాయింపు అవుతుంది. ముంబై కేంద్రంగా 1969లో ఏర్పడిన ఈ సంస్థ 2017లో చట్టప్రకారం కాపీరైట్ సొసైటీగా తిరిగి నమోదైంది. సభ్యులకు ఐపీఐ అనే సంఖ్య వస్తుంది. అది పాటకు కాదు, మనిషికి గుర్తు. ఒకే పేరున్న రచయితలు ఎందరున్నా ఈ సంఖ్య వేరుగా ఉంటుంది. మన పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున రాస్తారు. ళ, ణ, ష వచ్చిన పాట పేరైతే నాలుగు ఫారాల్లో నాలుగు స్పెల్లింగులు కనిపిస్తాయి. పేరును బట్టి వెతికితే దొరకని పాట సంఖ్యను బట్టి దొరుకుతుంది, ఈ కోడ్‌లు పుట్టిన కారణమే అది.

ఈ కోడ్ చివర ఉండే తనిఖీ అంకెను ఒకసారి దగ్గరగా చూడటం మంచిది. టీ-034.524.680-1 అనే కోడ్ తీసుకుందాం. తొమ్మిది అంకెల్లో మొదటిదాన్ని ఒకటితో, రెండోదాన్ని రెండుతో, అలా తొమ్మిదోదాన్ని తొమ్మిదితో గుణించి కూడితే 178 వస్తుంది. దానికి 1 కలిపితే 179. చివరి అంకె 9. దాన్ని పది చేయడానికి ఇంకా 1 కావాలి, ఆ ఒకటే కోడ్ చివర ఉన్న అంకె. ఫోనులో చెబుతుంటే 034 బదులు 043 అని రాసుకున్నారనుకోండి, 1 కలిపాక మొత్తం 179 బదులు 178 అవుతుంది, చివర 2 ఉండాలి, కానీ 1 ఉంది, తప్పు అక్కడే తెలిసిపోతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే ఇది తప్పకుండా పట్టిస్తుంది. ఐఎస్‌ఆర్‌సీలో ఇలాంటి తనిఖీ అంకె లేదు. అందువల్ల రికార్డింగు కోడ్‌ను ఫోనులో చెప్పి రాయించుకోవడం కన్నా వాట్సాప్‌లో పంపించుకుని అతికించుకోవడమే క్షేమం.

నేరుగా సభ్యులు కావాలా, మ్యూజిక్ పబ్లిషర్‌కు అప్పగించాలా అన్నది రెండో ఎంపిక. పబ్లిషర్ ఫారాలు నింపుతారు, లెక్కలు అడుగుతారు, పాటను సినిమాలకో ప్రకటనలకో ఇప్పించే ప్రయత్నం చేస్తారు. అందుకు రాబడిలో వాటా తీసుకుంటారు. పది ఇరవై పాటలు రాసిన వ్యక్తికి నేరుగా సభ్యత్వమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అంత తక్కువ పాటల కోసం పబ్లిషర్ పెద్దగా శ్రమపడరు, వాటా మాత్రం పోతుంది. వందల పాటలు ఉండి, లెక్కలు చూసుకునే తీరిక లేనివారికి పబ్లిషర్ ఉపయోగపడతారు.

ఏ దారిలో వెళ్ళినా 2012లో చట్టానికి చేసిన సవరణను రచయితలు, స్వరకర్తలు గుర్తుపెట్టుకోవాలి. రచన వాడకం మీద వచ్చే రాయల్టీలో తమకు రావలసిన సమాన వాటాను వారు వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప మరెవరికీ రాసివ్వలేరు; రాసిచ్చినా ఆ ఒప్పందం చెల్లదు. "ఒకేసారి ఐదు వేలు ఇచ్చాం, ఇక పాటతో నీకు సంబంధం లేదు" అన్న మాట విని తలవంచుకుని వెళ్ళిపోయిన రచయితలు నాకు తెలుసు. వారి హక్కు పోలేదు. కానీ రచన నమోదు కాకపోతే, ఆ హక్కు ప్రకారం రావలసిన డబ్బు వారిని వెతుక్కుంటూ వచ్చే దారి లేదు.

## ఎవరికి ఏది

రాసి, బాణీ కట్టి, పాడి, సొంత ఖర్చుతో రికార్డింగు చేయించుకునేవారికి రెండు కోడ్‌లూ కావాలి. డిస్ట్రిబ్యూటర్ ద్వారా రికార్డింగు కోడ్, ఐపీఆర్‌ఎస్ ద్వారా రచన కోడ్. మొదటిది తేలిగ్గా వస్తుంది కాబట్టి చాలామంది అక్కడితో ఆగిపోతారు. అప్పుడు రచన తాలూకు రాబడి వసూలుకాకుండా మిగిలిపోతుంది.

ఇతరుల కోసం రాసేవారికి రికార్డింగు కోడ్‌తో నేరుగా హక్కు సంబంధం లేదు, అయినా దాన్ని అడిగి రాసిపెట్టుకోవాలి. మీ రచనను ఏ రికార్డింగులో వాడారో జతచేయడానికి అదే ఆధారం.

కేవలం పాడేవారికి ఈ రెండు కోడ్‌లలో ఏదీ తమది కాదు. గాయనీగాయకులకు చట్టంలో ప్రదర్శకుల హక్కు వేరుగా ఉంది, దాని కాలం 50 ఏళ్ళు; ఆ రాయల్టీ కోసం 2013లో నమోదైన ఇస్రా, ఇప్పటి ఇసామ్రా, వేరే సొసైటీ. ఒప్పందంలో తమ పేరు ప్రధాన గాయకులుగా సరిగ్గా పడిందా అన్నది చూసుకోవాలి.

ఇతరుల పాటను మళ్ళీ పాడి విడుదల చేసేవారు తమ రికార్డింగుకు కొత్త ఐఎస్‌ఆర్‌సీ తీసుకోవాలి, రచన కోడ్ మాత్రం అసలు రచయితలదే రాయాలి. అంతకన్నా ముందు అనుమతి కావాలి. కవర్ వెర్షన్లకు చట్టం ఇచ్చే ప్రత్యేక లైసెన్సు అయినా, మొదటి రికార్డింగు జరిగిన సంవత్సరం ముగిశాక ఐదేళ్ళు గడిస్తేనే వర్తిస్తుంది.

సంప్రదాయ గీతాలు పాడేవారి విషయం మన ప్రాంతంలో చాలా ముఖ్యం, చిక్కులూ ఇక్కడే ఎక్కువ. తాళ్ళపాక అన్నమయ్య సాహిత్యం, వేమన పద్యాలు, వీరబ్రహ్మంగారి తత్వాలు అందరి సొత్తు. వాటి మీద ఎవరూ రచయిత హక్కు చెప్పలేరు. కానీ బాణీ సంగతి వేరు. చట్టంలో సంగీత రచన అంటే సాహిత్యం కాకుండా స్వరం మాత్రమే. అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు అన్నమయ్య సంకీర్తనలు ఎన్నిటికో స్వరరచన చేశారు. ఆయన 1979లో కన్నుమూశారు. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు అన్న సాధారణ సూత్రంతో లెక్కిస్తే ఆ బాణీలకు రక్షణ 2039 చివరి వరకు ఉంటుంది. సాహిత్యానికి ఐదు వందల ఏళ్ళు దాటినా బాణీ ఎవరిదో కనుక్కోకుండా ముందుకు పోకూడదన్నమాట. మీరే కొత్త బాణీ కడితే, ఆ బాణీకి స్వరకర్తగా మీ పేరు, సాహిత్యానికి అన్నమయ్య పేరు రాసి రచనను నమోదు చేయించుకోవచ్చు.

ఎవరు కట్టారో తెలియని జానపద గీతాన్ని ఊళ్ళో ఒక అవ్వ దగ్గర నేర్చుకుని పాడితే, రచయిత గడిలో మన పేరు రాయడం తప్పు. మీరు చేర్చిన కొత్త చరణాలు, మీరు చేసిన వాద్య సమకూర్పు ఉంటే అంతవరకే చెప్పుకోవాలి, మిగతాది సంప్రదాయం అని రాయాలి. రికార్డింగు మాత్రం మీరు చేయించినదైతే దాని ఐఎస్‌ఆర్‌సీ మీరు తీసుకోవచ్చు, ప్రచురించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు ఆ రికార్డింగు మీద హక్కు మీదే. పాడిన అవ్వ గొంతే అందులో ఉంటే ఆమె పేరు గాయనిగా పడాలి, ఆమె అనుమతి కాగితం మీద ఉండాలి.

పాత క్యాసెట్లను డిజిటల్‌కు మార్చాలనుకునేవారు కోడ్ కన్నా ముందు ఆ క్యాసెట్ తెచ్చిన సంస్థ ఎవరో, హక్కులు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయో కనుక్కోవాలి. హక్కుదారు కానివారు కోడ్ వేయకూడదు.

## పని వరుస

రికార్డింగు రోజే, అందరూ గదిలో ఉన్నప్పుడే, ఒక వాటాల కాగితం రాయించండి. పాట పేరు తెలుగులోనూ, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే స్పెల్లింగుతోనూ ఉండాలి. రచయిత, స్వరకర్త పేర్లు పాన్ కార్డులో ఉన్నట్టే రాయాలి. ఎవరి వాటా ఎంతో, మొత్తం నూరు వచ్చేలా వేసి, రికార్డింగు ఖర్చు ఎవరిదో కూడా రాసి సంతకాలు చేయించండి. నలుగురు కలిసి కట్టిన పాటలో ఒక్కరి వివరాలు లేకపోయినా రచన నమోదు అక్కడే నిలిచిపోతుంది. ఆర్నెల్ల తర్వాత ఆ ఒక్కరు బెంగళూరుకు పనికి వెళ్ళి ఉంటారు, ఫోను నంబరు మారి ఉంటుంది.

తర్వాత రికార్డింగు కోడ్ తీసుకుని విడుదల చేయండి. విడుదలైన వెంటనే రచనను నమోదు చేసి, ఆ ఫారంలో రికార్డింగు కోడ్ జతచేయండి. రచన కోడ్ వచ్చాక అదే కాగితం అడుగున రాసిపెట్టండి. ఐఎఫ్‌పీఐ, సిసాక్ రెండూ తమ కోడ్‌లను ఎవరైనా వెతికి చూసుకునే సౌకర్యం వెబ్‌సైట్లలో ఉంచాయి. కొన్ని వారాల తర్వాత అక్కడ మీ పాట పేరు కొట్టి, మీ కాగితంలో ఉన్నదీ అక్కడ ఉన్నదీ ఒకటేనా అని చూడండి. తేడా కనిపిస్తే అప్పుడే డిస్ట్రిబ్యూటర్‌కో ఐపీఆర్‌ఎస్‌కో రాతపూర్వకంగా తెలియజేయండి. మా గదిలో ఇప్పుడు ప్రతి పాటకూ ఈ కాగితం ఒక నకలు మేమే ఉంచుకుంటున్నాం, డిస్ట్రిబ్యూటర్‌ను మార్చాలని వచ్చినవారికి ముందు దాన్నే తీసి చేతిలో పెడుతున్నాం.